పోర్చుగల్‌కు తరలివెళ్లాలా, వద్దా: హైదరాబాదు కుటుంబం ఒకటి, దాని జమాఖర్చులు

విదేశాలకు వెళ్లే కుటుంబాల పన్నులు, ఆస్తుల వ్యవహారాలు చూడడం నా వృత్తి. అమెరికా, గల్ఫ్ దేశాల ఫైళ్లు మా ఆఫీసులో ఎప్పుడూ ఉండేవే. గత కొన్నేళ్లుగా వాటి పక్కన పోర్చుగల్, స్పెయిన్ ఫైళ్లు కూడా చేరుతున్నాయి. ఇక్కడ వివరించే కేసు అలాంటిదే. మనుషుల ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. అంకెలను గుండ్రం చేశాను. యూరోను 100 రూపాయలుగా లెక్కగట్టాను.

భర్తకు 41 ఏళ్లు, హైదరాబాదులో ఒక అమెరికన్ కంపెనీకి చెందిన భారతీయ విభాగంలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు, ఏడాదికి 46 లక్షల ప్యాకేజీ. భార్య దంతవైద్యురాలు, కూకట్‌పల్లి ప్రాంతంలో సొంత క్లినిక్ నడుపుతున్నారు. కూతురు ఆరో తరగతి, కొడుక్కి ఐదేళ్లు. నిజాంపేటలో లోన్ మీద కొన్న ఫ్లాటులో ఉంటున్నారు. భర్త తండ్రి తెనాలి దగ్గర సొంత ఊళ్లో ఒంటరిగా ఉంటారు. ఆయన కూతురు విజయవాడలో ఉంది కాబట్టి చూసుకునేవాళ్లు లేరని అనలేము.

2025 వేసవిలో సెలవులకు లిస్బన్, పోర్టో వెళ్లివచ్చిన తర్వాత వీరికి ఈ ఆలోచన వచ్చింది. నా దగ్గరకు వచ్చేటప్పుడు భర్త ఒక కాగితం తెచ్చారు. ఒకవైపు లాభాలు: ఎండ, సముద్రం, భద్రత, ఉచిత ప్రభుత్వ విద్య, ప్రభుత్వ వైద్యం, ఐదేళ్లకు పౌరసత్వం, పదేళ్లపాటు పన్ను రాయితీ. రెండోవైపు నష్టాలు: భాష, తెలుగువారు తక్కువ, నాన్నగారికి దూరం. కాగితం నిజాయితీగా రాసిందే. అయితే అందులో ఉన్నదంతా ఆ దేశం గురించే తప్ప, ఈ కుటుంబం గురించి దాదాపు ఏమీ లేదు. ఆ నష్టాల జాబితాలో దంతవైద్యం అన్న మాటే లేకపోవడం నేను మొదట గమనించిన విషయం. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే వారు నన్ను అడిగింది పన్ను గురించి.

కాగితంలో పాతబడిన రెండు పంక్తులు

పదేళ్ల పన్ను రాయితీ అని వారు రాసుకున్నది 2009లో మొదలైన పథకం. విదేశీ ఆదాయంలో చాలా భాగానికి మినహాయింపు, ఎంపిక చేసిన వృత్తుల ఆదాయంపై 20 శాతం పన్ను ఇచ్చే ఆ పథకాన్ని 2024 జనవరి 1 నుంచి కొత్తవారికి మూసేశారు. అప్పటికే ఏర్పాట్లలో ఉన్నవారికి కొంత గడువు ఇచ్చారు, అదీ ముగిసింది. యూట్యూబులో మాత్రం ఆ పథకం ఇంకా చిరంజీవిగానే ఉంది. దాని స్థానంలో వచ్చిన ఐఎఫ్‌ఐసీఐ అనే పథకం పరిశోధన, సాంకేతిక రంగాల్లోని నిర్దిష్ట ఉద్యోగాలకు, అదీ అర్హత ఉన్న సంస్థల్లో చేరినవారికి వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని అమెరికా కంపెనీకి ఇన్వాయిస్ పంపే వ్యక్తికి అది దొరుకుతుందని అనుకుని ప్రణాళిక వేయకూడదు.

రెండోది ఐదేళ్ల పౌరసత్వం. 2025 జూన్‌లో పోర్చుగల్ ప్రభుత్వం ఈ గడువును సాధారణ విదేశీయులకు పదేళ్లకు పెంచాలని ప్రతిపాదించింది. అక్టోబరులో పార్లమెంటు ఆమోదించింది. డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం అందులోని కొన్ని నిబంధనలను తప్పుపట్టింది. మలుపులు ఏవైనా గాలి ఎటు వీస్తున్నదో స్పష్టంగా ఉంది కాబట్టి, మన లెక్క పదేళ్ల మీద నిలబడాలని వారికి చెప్పాను. పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే ఓసీఐ కార్డుతో సరిపెట్టుకోవాలి అన్నది వారికి తెలుసు. ఓసీఐ కార్డు ఉన్నా వ్యవసాయ భూమి కొనడానికి వీలుండదన్నది తెలియదు.

స్పెయిన్‌ను ఎందుకు పక్కన పెట్టామో క్లుప్తంగా చెప్పాలి. అక్కడ 2022 డిసెంబరు నాటి స్టార్టప్ చట్టంతో డిజిటల్ నోమాడ్ వీసా, అంటే వేరే దేశపు కంపెనీలకు దూరం నుంచి పనిచేసేవారి వీసా వచ్చింది. బెక్‌హాం చట్టంగా పేరుపడ్డ ఏర్పాటులో 6 లక్షల యూరోల వరకు వృత్తి ఆదాయంపై 24 శాతం పన్నుతో సరిపెట్టుకునే అవకాశమూ ఉంది. అయితే అది ప్రధానంగా ఉద్యోగులకు అనువైనది. సొంతంగా ఇన్వాయిస్ వేసేవారికి దారి ఇరుకు. పైగా భారత్‌కు పోర్చుగల్‌తో 2017 మే నుంచి సామాజిక భద్రతా ఒప్పందం అమల్లో ఉంది. స్పెయిన్‌తో ఈ ఫైలు చూసేనాటికి అలాంటిది అమల్లో లేదు. ఇటలీ, గ్రీసుల గురించి వారు గట్టిగా అడగలేదు, నేనూ పొడిగించలేదు.

ఉద్యోగం ఏ రూపంలో

భర్త మొదట అనుకున్నది ఇదే ఉద్యోగాన్ని ఇదే జీతంతో పోర్చుగల్ నుంచి చేయడం. కంపెనీ మానవ వనరుల విభాగం ఒప్పుకోలేదు. దానికి కారణం మొండితనం కాదు. ఒక ఉద్యోగి మరో దేశంలో స్థిరపడి పనిచేస్తే ఆ దేశంలో కంపెనీకి శాశ్వత కార్యస్థానం ఉందని, కాబట్టి అక్కడా పన్ను కట్టాలని అక్కడి పన్ను శాఖ వాదించే ప్రమాదం ఉంటుంది. జీతంపై అక్కడి సామాజిక భద్రతా చందాలకు కంపెనీ నమోదు కావలసి వస్తుంది. ఒక్క మనిషి కోసం ఏ కంపెనీ అయినా ఇంత తలనొప్పి ఎందుకు పెట్టుకుంటుంది? చివరికి అమెరికాలోని మాతృసంస్థ నెలకు 6,000 యూరోలకు సమానమైన మొత్తంతో కాంట్రాక్టు ఇస్తానంది. పీఎఫ్, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా, సెలవులు లేవు.

ఈ రూపంలో వెళ్లేవారికి ఉన్నది డి8 వీసా. నెలసరి ఆదాయం పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలి: 2025లో 870 యూరోల చొప్పున 3,480, 2026లో కనీస వేతనం 920కి పెరగడంతో 3,680. మా క్లయింటుకు ఆ మొత్తం పెద్ద విషయం కాదు. కాని గడచిన మూడు నెలల సగటు ఆదాయాన్ని చూపాలి కాబట్టి, హైదరాబాదులో ఉండగానే ఉద్యోగానికి రాజీనామా చేసి, కాంట్రాక్టులోకి మారి, మూడు నెలలు డబ్బు అందుకున్న తర్వాతే దరఖాస్తు. అంటే వీసా వస్తుందో రాదో తెలియక ముందే ఉద్యోగం వదులుకోవాలి. అక్కడ నివాసానికి అద్దె ఒప్పందం కూడా చూపాలి. చూడని ఇంటికి ఇక్కడి నుంచే అడ్వాన్సు పంపే సాహసం చేయాలి. వీసా చేతికి వచ్చాక కూడా అది నాలుగు నెలలదే, ఆలోపు అక్కడి వలస సంస్థ దగ్గర నివాస అనుమతి తీసుకోవాలి. 2023 అక్టోబరు చివర్లో పాత వలస విభాగాన్ని రద్దుచేసి ఏర్పాటైన ఈ సంస్థకు వారసత్వంగా వచ్చిన పెండింగు ఫైళ్లు లక్షల్లో ఉన్నాయి.

ఇక పన్ను. పోర్చుగల్‌లో స్వతంత్ర వృత్తిదారుకు సరళీకృత విధానం ఉంది. అసలు ఖర్చులు చూపకుండా రాబడిలో కొంత శాతాన్నే ఆదాయంగా లెక్కించే పద్ధతి, మన దగ్గర 44ఏడీఏ సెక్షన్‌గా పేరుపడ్డదాని లాంటిదే, కాని ఔదార్యం తక్కువ. మన దగ్గర 75 లక్షల వరకు రాబడి ఉన్న వృత్తిదారు, నగదు వసూళ్లు ఐదు శాతం దాటకపోతే, సగాన్ని ఆదాయంగా చూపవచ్చు. అక్కడ నాలుగింట మూడు వంతులు ఆదాయమే. ఏడాదికి 72,000 యూరోల రాబడిలో 54,000 పన్ను పరిధిలోకి వస్తుంది. భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్ను వేసి, ఆదాయాన్ని ఇద్దరి మధ్య పంచి, పిల్లల తగ్గింపులు తీసేస్తే పన్ను 10,000 యూరోలకు దగ్గరగా తేలింది. దానిపై సామాజిక భద్రతా చందా: రాబడిలో 70 శాతంపై 21.4 శాతం, అంటే నెలకు దాదాపు 900 యూరోలు. మొదటి పన్నెండు నెలలు చందా మినహాయింపు ఉంది, పన్నులోనూ మొదటి రెండేళ్లు కొంత ఊరట ఉంది. ఆ ఊరటను చూసి ఇల్లు అద్దెకు తీసుకుంటే మూడో ఏడాది ఇబ్బంది పడతారు కాబట్టి, ఊరట లేని ఏడాదినే ప్రమాణంగా తీసుకున్నాను. చేతికి మిగిలేది నెలకు 4,300 యూరోలు.

ఇదే కాంట్రాక్టును హైదరాబాదులో కూర్చుని చేస్తే? 72 లక్షల రాబడిలో 36 లక్షలు ఆదాయం, కొత్త విధానంలో సెస్‌తో కలిపి పన్ను ఏడు లక్షల లోపే. ఈ పోలిక చూసిన భర్త కాసేపు మాట్లాడలేదు. నిజానికి ఇది పూర్తిగా న్యాయమైన పోలిక కాదు. ఆ పది లక్షల చందాతో అక్కడ పింఛను హక్కు, అనారోగ్య భృతి వస్తాయి, ఒప్పందం వల్ల రెండు దేశాల్లో చందా కట్టిన కాలాలను అర్హత కోసం కలిపి చూస్తారు. మనం ఇక్కడ కట్టే పన్నుకు బడి ఫీజు విడిగానే కట్టుకుంటున్నాం.

మధ్యలో పోర్టోలోని ఒక సంస్థ నుంచి ఏడాదికి 52,000 యూరోల ఉద్యోగానికి మాటలు నడిచాయి. ఐఎఫ్‌ఐసీఐ కింద 20 శాతం పన్నే అని అటు నుంచి గొప్పగా చెప్పారు. లెక్క వేసి చూస్తే, భార్యకు ఆదాయం లేని కుటుంబం ఉమ్మడిగా సాధారణ స్లాబుల్లో రిటర్ను వేస్తే కట్టవలసింది దానికన్నా తక్కువ. ఆ పథకంతో ఈ కుటుంబానికి నిజమైన ప్రయోజనం జీతంలో లేదు. భారత్ నుంచి వచ్చే అద్దెలు, వడ్డీలు అక్కడి పన్ను నుంచి తప్పించుకోవడంలో ఉంది.

ఇక్కడ వదిలి వెళ్లేవి

పోర్చుగల్ నివాసి అయినవాడు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా అక్కడ పన్ను కట్టాలి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉన్నది నిజమే. అయితే ఇక్కడ కట్టిన పన్నును అక్కడ తగ్గించుకోవడమే దాని పని. ఇక్కడ పన్నే లేని ఆదాయానికి తగ్గించుకునేది ఏమీ ఉండదు. మన మధ్యతరగతి ఆస్తుల్లో ఇక్కడ పన్ను పడనివి ఎన్ని ఉన్నాయో ఈ సందర్భంలోనే తెలుస్తుంది.

నిజాంపేట ఫ్లాటును అద్దెకు ఇస్తే నెలకు 32,000 వస్తుంది, ఈఎంఐ 52,000. ఇక్కడ లోన్ వడ్డీని అద్దెలోంచి తీసేస్తే పన్ను పడే ఆదాయం మిగలదు. అక్కడ అద్దె ఆదాయంలోంచి లోన్ వడ్డీని తీసివేయనివ్వరు. అందుచేత జేబులోంచి డబ్బు పోతున్న ఫ్లాటుపైనే ఏడాదికి 96,000 రూపాయల దాకా పన్ను కట్టవలసిన పరిస్థితి. పైగా యజమాని ఎన్నారై అయితే అద్దెకున్నవారే 30 శాతం, దానిపై సెస్ మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. ఈ మాట వినగానే సగం మంది అద్దెకు దిగరు. భార్యాభర్తల పేర 60 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి; వాటిని ఎన్నారైల భారతీయ ఆదాయం కోసం ఉండే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి మార్చాలి, వడ్డీపై అక్కడ 28 శాతం. విదేశీ సంపాదనను దాచుకునే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీకి ఇక్కడ పన్ను లేదని సంబరపడేవారు కూడా అక్కడ అదే 28 శాతం కట్టాలి.

మ్యూచువల్ ఫండ్ల విషయంలో మాత్రం ముందుచూపుతో డబ్బు నిలిచే వీలుంది. 55 లక్షల ఫండ్లలో 24 లక్షలు లాభం. పోర్చుగల్‌లో అడుగుపెట్టిన రోజు విలువను కొత్త కొనుగోలు ధరగా తీసుకునే సౌకర్యం అక్కడ లేదు. తర్వాత అమ్మితే పాత లాభం కూడా 28 శాతం లెక్కలోకి వస్తుంది. ఇక్కడ ఉండగా అమ్మితే 12.5 శాతం. వెళ్లడం ఖాయమైతే ముందే అమ్మి, కావాలంటే మళ్లీ కొనుక్కోమన్నాను. ఈ ఒక్క పనితో మూడున్నర లక్షల దాకా తేడా రావచ్చు. ఇద్దరి పేర్ల మీద, రెండు ఆర్థిక సంవత్సరాల్లో విడగొడితే ఇంకొంచెం.

పొలం కథ వేరు. తాతగారి నుంచి వచ్చిన రెండెకరాలు ఇప్పటికే భర్త పేరున ఉన్నాయి, కౌలుకిచ్చారు. కౌలుదారు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకుని, ఆనాటి ధాన్యం ధర కట్టి డబ్బు ఇస్తాడు. ఇక్కడ వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. అక్కడ అది విదేశీ అద్దె ఆదాయం. రసీదు లేని ఈ కౌలుకు ఏ కాగితం చూపించాలని భర్త అడిగారు. ముందు కౌలు డబ్బు బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు చేసుకోమన్నాను.

పన్ను కన్నా పెద్ద చిక్కు మిగిలిన నాలుగెకరాలది. తండ్రి వాటిని కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసి ఇవ్వాలని చాలాకాలంగా అనుకుంటున్నారు, తొందరేముందని వాయిదా వేస్తున్నారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారై అయినవాడు వ్యవసాయ భూమిని కొనలేడు, దానంగానూ పొందలేడు. ఇప్పటికే ఉన్నది ఉంచుకోవచ్చు. వారసత్వంగా వచ్చింది తీసుకోవచ్చు. అమ్మితే మాత్రం భారత నివాసి అయిన భారతీయుడికే అమ్మాలి. ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుంచే ఫెమా దృష్టిలో ఎన్నారై అవుతాడు, 182 రోజుల లెక్క ఇక్కడ పనికిరాదు. కాబట్టి గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్ ప్రయాణానికి ముందైనా జరగాలి, లేకపోతే వీలునామా అయినా రాయాలి. ఈ సంగతి చెప్పడానికి తెనాలి వెళ్లిన కొడుకుతో తండ్రి, "నేను బతికుండగా పొలం నా పేరు మీదే ఉండనీరా, పోయాక ఎటూ నీదేగా" అన్నారట. వీలునామాకు ఒప్పుకున్నారు. కూతురి వాటా విషయం కూడా అందులోనే తేల్చి రాయించమని నేను పట్టుబట్టాను. ఎన్నారై అన్న, ఊళ్లో పొలం, విజయవాడలో చెల్లెలు ఉన్న కేసులు తర్వాత ఎలా తిరుగుతాయో చూసినవాణ్ణి.

మొత్తం కలిపితే ఇక్కడి ఆస్తులపై అక్కడ అదనంగా పడే పన్ను ఏడాదికి రెండున్నర లక్షలకు అటూఇటూ. బాధించే మొత్తమే, కాని నిర్ణయాన్ని తారుమారు చేసేది కాదు.

అసలు పెద్ద అంకె

మూడో సమావేశానికి భార్యను కూడా తప్పకుండా రమ్మన్నాను. క్లినిక్ ఖర్చులు పోగా నెలకు లక్షా ముప్పై వేలు మిగులుతున్నాయి, అంటే ఏడాదికి పదిహేను లక్షలకు పైగా. పోర్చుగల్‌లో ఆమె మొదటి రోజు నుంచి దంతవైద్యురాలు కాదు. మన బీడీఎస్ డిగ్రీకి అక్కడి విశ్వవిద్యాలయం ద్వారా గుర్తింపు పొందాలి. తర్వాత అక్కడి దంతవైద్యుల వృత్తి మండలిలో నమోదు కావాలి. రోగితో మాట్లాడగల పోర్చుగీసు రావాలి. భాష, గుర్తింపు రెండూ కలిపి మూడేళ్లు వేసుకోమన్నాను, అదీ పట్టుదలగా చదివితే. ఈ మూడేళ్ల ఆదాయం భర్త తెచ్చిన కాగితంలో ఏ వైపూ లేదు. ఆమె ఆ కాగితం చూసి, "నా పని సంగతి ఇందులో లేదు కదండీ ఆడిటర్ గారూ" అని నాతోనే అన్నారు, భర్తతో అనలేదు.

ఆమె చెప్పాకే నాకు తెలిసిన విషయం ఒకటుంది. క్లినిక్‌ను ఒక నెలలో మూసేయడం కుదరదు. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలు ఆమె దగ్గర ముప్పై మందికి పైగా ఉన్నారు. ఒక్కో కేసు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నడుస్తుంది. నెలకోసారి వచ్చి తీగ బిగించుకుని పోతారు. డబ్బు ముందే కొంత కట్టి ఉంటారు. వాళ్లను మధ్యలో వదిలేయడం వైద్యపరంగా తప్పు, ఊళ్లో పేరుకూ నష్టం. వెళ్లే తేదీకి ఏడాదిన్నర ముందే కొత్త క్లిప్పుల కేసులు ఆపాలి, లేదా ఆ బాధ్యతతో సహా క్లినిక్‌ను తీసుకునే మరో డాక్టరు దొరకాలి. రెండో దారిలో కుర్చీ, ఎక్స్‌రే పరికరాలు పాత ధరకు పోతాయి, పేరుకు విలువ కట్టేవారు తక్కువ. భర్త వీసాకు ఆరు నెలలు చాలు. భార్య క్లినిక్‌కు ఏడాదిన్నర కావాలి. కుటుంబం మొత్తం కదిలే తేదీని నిర్ణయించేది ఇదే.

బ్రాగాలో నివాసం అనుకుని నెలవారీ లెక్క వేశాం. లిస్బన్‌లో రెండు పడక గదుల ఇల్లు 1,500 యూరోలకు దిగువన దొరకడం కష్టం కాబట్టి ఆ నగరాన్ని మొదటే వదిలేశారు. బ్రాగాలో అద్దె 1,100, ఇంటి సరుకులు, కరెంటు, రవాణా, పిల్లల భాషా ట్యూషన్, ప్రైవేటు ఆరోగ్య బీమా, ఏడాదికోసారి నలుగురికీ విమాన టిక్కెట్లు, ఫ్లాటు ఈఎంఐలో అద్దె పోగా చేతి నుంచి కట్టే భాగం అన్నీ కలిపితే 3,550 యూరోలు. మిగిలేది 750, అంటే 75,000 రూపాయలు. ప్రస్తుతం హైదరాబాదులో ఇద్దరి సంపాదనలో నెలకు రెండు లక్షలు మిగులుతున్నాయి, పీఎఫ్ అదనం. ఏడాదికి దాదాపు ఇరవై లక్షల పొదుపు తగ్గుతుంది. "ఈ ధరకు మీరు ఏం కొనుక్కుంటున్నారు?" అని ఇద్దరినీ విడివిడిగా రాసుకుని రమ్మన్నాను. భర్త రాసినదానిలో మొదటిది పిల్లలు ఆరుబయట తిరగగలగడం. భార్య రాసినదానిలో మొదటిది భర్త సాయంత్రం ఇంట్లో ఉండడం. రెండో కోరికకు పోర్చుగల్ అవసరమా అన్న ప్రశ్న అడగడం నా పరిధిలోనిది కాదు, కాని కాలమానం గురించి చెప్పగలను. అమెరికా తూర్పు తీరపు పనివేళలు లిస్బన్‌లో మధ్యాహ్నం రెండింటికి మొదలై రాత్రి పది దాకా సాగుతాయి. హైదరాబాదులోలాగా అర్ధరాత్రి కాల్స్ ఉండవు. అది నిజమైన లాభమే.

జనవరి ప్రయాణం

వేసవిలో చూసిన ఊరిని చలికాలంలో ఒకసారి చూడమని ఈ ప్రాంతానికి వెళ్లాలనుకునే ప్రతి ఒక్కరికీ చెబుతాను. వారు 2026 జనవరిలో బ్రాగా వెళ్లి, హోటల్లో కాకుండా మామూలు అపార్ట్‌మెంటులో పది రోజులున్నారు. పోర్చుగల్ ఉత్తర భాగంలో చలికాలమంతా వాన. ఇళ్లలో సెంట్రల్ హీటింగ్ ఉండడం అరుదు, గోడలకు చలిని ఆపే పొర ఉండదు. ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోలేని జనం శాతంలో 2023లో యూరోపియన్ యూనియన్ మొత్తంలో స్పెయిన్, పోర్చుగల్ అన్నిటికన్నా పైన నిలిచాయి. భార్య చూసి వచ్చి చెప్పింది ఇది: బీరువాను గోడ నుంచి జరిపితే వెనక సున్నం మీద నల్లటి బూజు చేయి అంత మేర పాకి ఉంది, గదిలో తేమ లాగే యంత్రం రాత్రి పెడితే తెల్లారేసరికి దాని తొట్టిలో నీళ్లు నిండి ఉంటున్నాయి, ఉతికిన బట్టలు మూడో రోజుకు కూడా ఆరలేదు. చిన్నవాడికి దగ్గుతో పాటు ఆయాసం ఉంది, నెబ్యులైజరు వాడతారు. బూజు పట్టే ఇల్లు ఆ పిల్లవాడికి సౌకర్యం లోపించడం మాత్రమే కాదు. దక్షిణం వైపు ఎండ తగిలే ఇల్లు, పైకప్పు కింది అంతస్తు కానిది, ఇటీవల కట్టినది అని వెతికితే అద్దె 1,100 కాదు, 1,350 అని అప్పుడు తేలింది. నా లెక్కలో మిగులు 500కు పడిపోయింది.

అదే ప్రయాణంలో మంచివీ చూశారు. ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పోర్చుగీసు మాతృభాష కాని పిల్లలకు ప్రత్యేక బోధన ఉంది, టీచరు ఓపికగా మాట్లాడారు. రాత్రి తొమ్మిదికి ఆడపిల్లలు ఒంటరిగా నడిచివెళ్లడం భార్య రెండుసార్లు ప్రస్తావించారు. ప్రభుత్వ వైద్యం నాణ్యత మంచిదే, కాని దేశంలో పదిహేను లక్షల మందికి పైగా కుటుంబ వైద్యుడి కేటాయింపు లేక ఎదురుచూస్తున్నారు. అందుకే ప్రైవేటు బీమాను లెక్కలో పెట్టాను. దక్షిణాసియా దినుసుల దుకాణాలు కనిపిస్తాయి, నడిపేవారు ఎక్కువగా బంగ్లాదేశ్, నేపాల్, పంజాబ్ వైపువారు. తెలుగు మాట వినాలంటే ఇంట్లోనే.

కూతురి విషయంలో కాలం మరో వైపు నుంచి తరుముతుంది. పదకొండేళ్లకు వెళితే ఏడాదిన్నరలో భాష పట్టుబడుతుంది, పద్నాలుగేళ్లకు వెళితే ఆ ఇబ్బంది పరీక్షల మార్కుల్లో కనిపిస్తుంది. తిరిగిరావడం గురించి కూడా ఆలోచించాలి. తెలంగాణలో ఇంజనీరింగ్ ప్రవేశాలకు స్థానికతను ప్రధానంగా ఇంటర్మీడియట్‌తో ముగిసే నాలుగేళ్ల వరుస చదువుతో చూస్తారు. నచ్చకపోతే పదో తరగతి అయ్యాక వచ్చేద్దాం అనుకునే కుటుంబానికి, ఆ పిల్ల 85 శాతం స్థానిక కోటాలో ఉంటుందా అన్నది అప్పుడు ప్రశ్నార్థకమవుతుంది. తొమ్మిదో తరగతికి ముందే వెళ్లి నచ్చకపోతే ఎనిమిది పూర్తికాకముందే తిరిగిరావాలి, లేదా అక్కడే పన్నెండు దాకా చదివించడానికి సిద్ధపడాలి. మధ్యలో దిగే స్టేషను లేదు.

ఫైలు ప్రస్తుత స్థితి

2026 ఆగస్టులో వెళ్లాలన్న మొదటి ఆలోచనను వారు విరమించుకున్నారు. పోర్టో ఉద్యోగానికి కూడా కాదనేశారు. ఇప్పటి లక్ష్యం 2027 జూలై. అప్పటికి కూతురు ఏడో తరగతి పూర్తి చేసి ఉంటుంది, అక్కడి బడులు సెప్టెంబరు మధ్యలో తెరుస్తారు. పన్నుల పరంగానూ ఆ నెల అనువైనది: ఉద్యోగం కోసం జూలైలో దేశం విడిస్తే ఆ ఆర్థిక సంవత్సరంలో భారత్‌లో ఉన్న రోజులు 182కు లోపే ఉంటాయి కాబట్టి ఆ ఏడాదంతా ఇక్కడ నాన్ రెసిడెంటు, సెప్టెంబరు దాటాక వెళితే మార్చి దాకా రెండు దేశాలూ తమ నివాసి అంటాయి, ఏ దేశపు నివాసో తేల్చడానికి ద్వంద్వ పన్ను ఒప్పందంలోని తుది పరీక్షల దాకా వెళ్లవలసి వస్తుంది.

భార్య కొత్త క్లిప్పుల కేసులు తీసుకోవడం జనవరి నుంచి ఆపేశారు, వచ్చేవారిని తోటి డాక్టరు దగ్గరకు పంపుతున్నారు. ఆన్‌లైన్లో పోర్చుగీసు క్లాసులు మొదలుపెట్టారు. బీడీఎస్ పట్టా, మార్కుల జాబితాలు, డెంటల్ కౌన్సిల్ నమోదు పత్రాలకు విదేశాంగ శాఖ అపోస్టీల్ ముద్ర వేయించే పని నడుస్తోంది. విశ్వవిద్యాలయం నుంచి సిలబస్ ప్రతి ఇంకా రాలేదు. డిగ్రీ గుర్తింపు దరఖాస్తును హైదరాబాదు నుంచే పెట్టి, దానిపై మొదటి జవాబు వచ్చేదాకా భర్త ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకూడదని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ షరతు నేను పెట్టింది కాదు, ఆమె పెట్టింది. మ్యూచువల్ ఫండ్లలో ఆమె పేరున ఉన్నవి ఈ మార్చిలోపు, ఆయన పేరున ఉన్నవి వచ్చే ఏడాది అమ్మే ఏర్పాటు. వీలునామా ముసాయిదా తెనాలి పంపాం. పెద్దాయన కూతురి వాటా దగ్గర ఒక మాట మార్చమని తిరిగి పంపారు, ఆ ప్రతి మా ఆఫీసులో టైపు అవుతోంది.